ఎడమ మడమ

మొదట ఓదెలు కూతురి పాదాలు కొలిచారు. కుదరలేదు. తర్వాత కరీంనగర్ నుంచి అతని తమ్ముణ్ణి పిలిపించి కొలిచారు. అతనివీ కుదరలేదు. హన్మకొండ శివార్లలోని ఆ నరాల పరిశోధన కేంద్రం వెనక వరండాలో పొడవాటి రబ్బరు చాప పరిచి ఉంది. దాని మీద ఇద్దరూ పది పదిసార్లు అటూ ఇటూ నడిచారు. వాళ్ల అడుగులు గోడ మీది తెరలో ఎర్రటి గీతలుగా పడ్డాయి. ఓదెలు తుంటి, మోకాళ్ల కదలికల నుంచి లెక్కగట్టిన గీతలు నీలంగా పడ్డాయి. ఎరుపుదొక దారి, నీలందొక దారి.

డాక్టర్ తబస్సుమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఏళ్ల తరబడి మీతో కలిసి నడిచిన మనుషులు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. ఓదెలు నేలచూపులు చూశాడు. కూతురు రవళి తండ్రి వంక ఒకసారి చూసి, "మా అమ్మ ఉన్నది మేడం. కానీ మాతోని ఉండది," అంది.

ఓదెలు కాజీపేటలో రైల్వే కీమ్యాన్. భుజాన సుత్తె, పానా వేసుకుని, పట్టాల బిగింపులు చూసుకుంటూ రోజుకు పన్నెండు కిలోమీటర్లు నడవడం అతని ఉద్యోగం. ఒంటినొప్పులు తగ్గుతాయని మొదలుపెట్టిన క్వార్టర్ సీసా కొన్నేళ్లకు రోజుకు మూడు సీసాలైంది. మందు పెరిగినకొద్దీ తిండి తగ్గింది. ముందు అరికాళ్లలో మంట పుట్టింది. తడిగుడ్డలు చుట్టుకుని పడుకునేవాడు. కొన్నాళ్లకు ఆ మంట కూడా పోయి, దూది మీద నడుస్తున్నట్టు అయింది. కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. వెనక వచ్చేవాళ్లెవరో కేకేసి చెబితే తిరిగి వెళ్లి తొడుక్కునేవాడు. తాగుడు నరాలను తినేసిందని రైల్వే డాక్టరు చెప్పాడు. పట్టాల మీద నడవకూడదని కాగితం రాసి ఆఫీసులో కూర్చోబెట్టించాడు. మందు మానేసి, వేళకు తిని, బి-విటమిన్ సూదులు వేయించుకుంటే కొంతవరకు తిరిగి రావచ్చన్నాడు. ఓదెలు సూదులు వేయించుకున్నాడు. మందు మానలేదు. సరోజన ఇల్లు విడిచి వెళ్లింది ఆ ఏడే.

అది జరిగి నాలుగేళ్లయింది. ఈ ఏడు కుడిపాదం మీద లేచిన పుండు ఎంతకీ మానకపోయేసరికి కాలు తీసేయాలన్న మాట వచ్చింది. అప్పుడు భయపడి మందు మానేశాడు. పుండు మెల్లగా మానింది. రవళి హన్మకొండలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఈ కేంద్రం సంగతి అక్కడ విని, తండ్రి మూడు నెలలు చుక్క ముట్టకుండా ఉన్నాక తీసుకొచ్చింది.

చచ్చిన నరాన్ని మళ్లీ మొలిపించే మందు తబస్సుమ్ దగ్గర ఉంది. అయితే మందు ఒక్కటే ఎందుకు సరిపోదో ఆమె మాటల్లో చెప్పలేదు. మొదటి విడతలో మందు తీసుకున్న ఒక పెద్దాయన్ను అడిగి కూర్చోబెట్టి, కళ్లకు గుడ్డ కట్టి, ఆయన చిటికెన వేలిని పెన్సిల్ కొసతో తాకింది. ఆయన "మడమ" అన్నాడు. మడమ తాకితే "బొటనవేలు" అన్నాడు. నరాలు మొలిచాయి కానీ ఎటు పోవాలో తెలియక దొరికిన చోటికల్లా పోయాయి. ఆయనిప్పుడు కర్ర లేకుండా నాలుగడుగులు వేస్తే పడిపోతాడు.

"అందుకే దారి తెలిసిన పాదం ఒకటి కావాలి ఓదెలు గారూ. మీ నరం దాని వెంబడి నడిచి నేర్చుకోవాలి," అంది తబస్సుమ్.

సరోజన మరుసటి ఆదివారం వచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆడపిల్లల గురుకులం హాస్టల్లో వంట చేస్తుంది. చాప మీద ఒక్కసారి నడిచేసరికే తెర మీద ఎరుపూ నీలమూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వింతేమీ లేదు. వాళ్లుండే రైల్వే క్వార్టర్ నుంచి బజారుకైనా బడికైనా పట్టాల వెంబడే పోవాలి. ఇరవై రెండేళ్లు పట్టాల కింది స్లీపర్ మీంచి స్లీపర్ మీదికి నడిచిన ఇద్దరికీ ఒకే కొలత అడుగు పడిపోయింది.

పది నెలలు, రోజుకు పదహారు గంటలు, తామిచ్చే రెండు జతల మేజోళ్లు మార్చుకుంటూ వేసుకుని తిరగాలని తబస్సుమ్ చెప్పింది. సరోజన అంతా విని, ఓదెలు వైపు చూడకుండా రవళితో మాట్లాడింది. "ఈయన కాళ్లు వోతే మోసేది నువ్వే. నీకోసం తొడుక్కుంట. ఈయన కోసం కాదు."

తర్వాత తన షరతులు చెప్పింది. హాస్టల్‌కు రావద్దు. ఫోన్ చేయొద్దు. తాగొద్దు. పని అయిపోయాక మేజోళ్లు ఇచ్చేసి తన దారిన తాను పోతుంది. నర్సు కాగితం ముందుపెట్టి, కాళ్లకు పాత దెబ్బలేమైనా ఉన్నాయా అని అడిగితే లేవంది. నర్సు లేవనే రాసుకుంది.

ఆమె మేజోళ్లు చీలమండ దగ్గర నరంలో పారే సన్నటి విద్యుత్తును చదువుతాయి. నడుముకు కట్టుకున్న అగ్గిపెట్టెంత డబ్బా దాన్ని ఫోన్ దారిన పంపుతుంది. ఓదెలు మోకాళ్ల వెనక చర్మం కింద పెట్టిన గింజల్లాంటి రెండు పరికరాలు దాన్ని అందుకుని అతని నరానికి వినిపిస్తాయి. వారానికోసారి సూది. రోజుకు మిల్లీమీటరున్నర చొప్పున నరం కొస కిందికి దిగుతుంది.

మొదట్లో ఆ అడుగులు అవతలి వీధిలో మోగే రేడియోలా ఉండేవి. ఉన్నట్టే ఉండి, ఏమిటో తెలిసేది కాదు. నెల తిరిగేసరికి తెలియసాగింది. పొద్దున నాలుగున్నరకు ఆమె చల్లటి బండల మీద కాళ్లు పెడితే కాజీపేటలో ఓదెలుకు మెలకువ వచ్చేది. ఐదు గంటలకు తడినేల. ఆరు దాటితే పొయ్యి సెగ మునివేళ్లకు తగిలేది. నాలుగు వందల యాభై మంది పిల్లలకు వండే మనిషి ఎంతసేపు నిలబడుతుందో అతనికి ఎన్నడూ తెలియదు. ఇప్పుడు తెలిసింది. పదకొండింటికి పది నిమిషాలు కూర్చునేది. మళ్లీ మూడింటి దాకా నిలబడే ఉండేది. ఆమె కూర్చోగానే ఓదెలు ఆఫీసులో ఫైళ్లు పక్కన పెట్టి ఊపిరి పీల్చుకునేవాడు.

గురువారాల్లో సాయంత్రం వేళ ఆమె చెప్పులు విడిచి, నున్నటి గచ్చు మీద అరగంట కదలకుండా నిలబడేది. గుడి కాదు, గుడైతే ప్రదక్షిణాలు చేస్తుంది. రెండు నెలలు ఆలోచించాడు. ఆపుకోలేక, అమ్మ గురువారం ఎక్కడికి పోతున్నదని రవళిని అడిగాడు. రవళి మాటల్లో పడి తల్లితో అనేసింది. ఆ సాయంత్రం నాలుగు గంటల పాటు ఓదెలు కాళ్లలో ఏమీ వినపడలేదు. సరోజన మేజోళ్లు విప్పి అవతల పెట్టింది. "నేను యాడ నిలవడ్డ, యాడ కూసున్న ఈయనకు లెక్క జెప్పాల్నా? మళ్లొకసారి అడిగితే తొడుగ" అన్నదని రవళి వచ్చి చెప్పింది. అతను మళ్లీ అడగలేదు. అది ఏ చోటో అతనికి ఎప్పటికీ తెలియలేదు.

నాలుగో నెలాఖరుకు నరం కొస పిక్క దాటింది. ఆ నెలలోనే సాంబమూర్తి పదవీ విరమణ చేశాడు. గ్యాంగులో ఓదెలుతో పద్దెనిమిదేళ్లు పనిచేసిన మనిషి. ఫంక్షన్ హాల్లో భోజనాలయ్యాక పాతవాళ్లంతా మేడ మీదికి చేరారు. ఓదెలు నీళ్ల గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు. ఒకాయన పట్టాల మీద పాత రోజులు చెబుతుంటే నవ్వాడు, ఇంకొకాయన చెబుతుంటే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు. తనే చెయ్యి చాపాడు. మొదటిది తాగేటప్పుడు ఒక్కటే అనుకున్నాడు. ఐదో దాని తర్వాత ఏమనుకున్నాడో గుర్తులేదు.

ఎదిగిన నరం ఇంత మందుకు చావదు. కొత్తగా మొలుస్తున్న కొస మాత్రం తట్టుకోలేదు. సోమవారం తబస్సుమ్ పరీక్ష చేసి చాలాసేపు తెర వైపే చూస్తూ కూర్చుంది. పెరిగిందంతా మోకాలి దాకా ఎండిపోయింది. మళ్లీ మొదటి నుంచి పది నెలలు. దారి చూపే మనిషికి చెప్పకుండా ఉండడం న్యాయం కాదని సరోజనకు తనే ఫోన్ చేసింది.

సరోజన మధ్యాహ్నం బండికి వచ్చింది. చేతులకు పసుపు మరకలు అలాగే ఉన్నాయి. గదిలో ఓదెలు మంచం మీద కూర్చుని ఉంటే ఎదురుగా నిలబడింది. అరుస్తుందని, తిడుతుందని అతను తల వంచుకుని ఎదురుచూశాడు. ఆమె మెల్లగానే అంది.

"ఇదివరకు నీ జీతం తాగినవ్. మా అమ్మ పెట్టిన పుస్తెలతాడు తాగినవ్. నాలుగు నెలలు నేను నడ్సిన నడక ఉండె. అది గూడ తాగినవ్."

 ఇక ఆమె రాదనుకున్నాడు ఓదెలు. ఆమె బయటికి వెళ్లి, వరండాలో రవళితో కాసేపు మాట్లాడి, కొత్త తారీఖులతో ఉన్న కాగితం మీద సంతకం పెట్టి వెళ్లింది. మర్నాడు నాలుగున్నరకు అతని కాళ్లలో చల్లటి బండలు తగిలాయి. దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు.

ఆ తర్వాత తాగలేదు. అది చెప్పినంత తేలిక కాదు. వైన్ షాపు ఎదురుపడకుండా ఉండాలని ఇల్లు మారాడు. అయినా రోజూ సాయంత్రం ఐదయ్యేసరికి నాలుక పీకేది. సరిగ్గా ఆ వేళకే సరోజన పిల్లల పాలు మోసుకుంటూ హాస్టల్ మెట్లెక్కేది. మూడు అంతస్తులు, ఒక్కో అంతస్తుకు ఇరవై రెండు మెట్లు. అతను ఆ మెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు. ఆమె దిగి వచ్చేసరికి ఆ గండం గడిచేది. కొన్ని రోజులు గడిచేది కాదు. అప్పుడు రవళికి ఫోన్ చేసి, ఆమె వచ్చేదాకా ఫోన్ పెట్టకుండా మాట్లాడేవాడు.

ఎనిమిది నెలలకు నరం చీలమండ దాటి పాదంలోకి దిగింది. ఒక పొద్దున నల్లా కింద కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు చల్లగా తగిలాయి. సరోజనవి కావు, తనవే. ఆ గంటలో ఆమె పొయ్యి ముందు ఉంది, సెగ వేళ్ల మీద తెలుస్తూనే ఉంది. దాని కింద, వేరుగా, తన పాదం మీద చల్లటి నీళ్లు. బకెట్ నిండి పొర్లి, వాకిలి తడిసి, పక్కింటావిడ బయటికొచ్చి నీళ్లు వృథా చేస్తున్నావని కోప్పడే దాకా అక్కడే నిలబడిపోయాడు.

వారం రోజులు పిల్లాడిలా తిరిగాడు. కంకర మీద, గడ్డి మీద, ఎండకు కాగిన ఫుట్‌పాత్ మీద నడిచాడు. తబస్సుమ్ కళ్లకు గుడ్డ కట్టి తాకిన ప్రతిచోటూ సరిగ్గా చెప్పాడు. కేంద్రంలో అందరూ చప్పట్లు కొట్టారు. మరో వారానికి ఎడమ మడమలో నొప్పి మొదలైంది.

సూది గుచ్చినట్టు కాదు, మంట కాదు. అడుగు దించినప్పుడల్లా ఎముక లోపల విరిగిన చెక్కలేవో ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్టు నొప్పి. మెట్లు దిగితే కళ్లలో నీళ్లు తిరిగేవి. తబస్సుమ్ ఎక్స్‌రే ఫోటోలు తీయించింది. అతని మడమ ఎముక నిక్షేపంగా ఉంది. పుండు లేదు, వాపు లేదు. ఆమె ఆ ఫోటోలు పక్కన పెట్టి, పన్నెండు నెలలుగా సరోజన మేజోళ్ల నుంచి వచ్చిన సంకేతాలన్నీ తీసి ఒక రోజంతా చూసింది. మర్నాడు సరోజనను పిలిపించి ఆమె కాలు ఫోటో తీయించింది.

మడమ ఎముక ఎప్పుడో చితికి, వంకరగా అతుక్కుని ఉంది. అతని నరం మడమ దాకా చేరాక ఈ నొప్పిని కూడా నేర్చుకుందని, ఎత్తు నుంచి కిందికి పడితే తప్ప ఎముక అలా చితకదని అంది తబస్సుమ్. సరోజన వైపు తిరిగింది. "తప్పు మాదే. రోగిని పైనుంచి కింది దాకా పరీక్షించాం. దారి చూపే మనిషిని ఒక్క ప్రశ్న అడిగి వదిలేశాం. మీరు ఇన్ని నెలలు ఈ కాలి మీదే నిలబడ్డారా?"

ఎట్లా పడ్డారని అడిగితే, పదకొండేళ్ల కింద నల్లా దగ్గర జారిపడ్డానని సరోజన చెప్పింది.

ఓదెలుకూ ఆ సంగతే తెలుసు. ఆ ఏడు ఆమె రెండు నెలలు కాలు ఈడ్చుకుంటూ తిరిగింది. నీళ్లు పట్టుకోవడం కూడా చేతకాదని తనే పదిమందిలో ఎగతాళి చేశాడు. డాక్టరు ముందు ఏమీ అనలేదు కానీ, ఎత్తు నుంచి పడితే తప్ప అన్న మాట అతన్ని వదల్లేదు. నల్లా నేల మీద ఉంటుంది. బయట బెంచీ మీద సరోజన బండి టైము కోసం కూర్చుని ఉంటే పక్కన కాకుండా ఎదురుగా నిలబడి అడిగాడు.

"నిజంగ నల్లా కాడనే పడ్డవా?"

ఆమె ఒళ్లో సంచీ సర్దుకుంది. తర్వాత వంటలో ఏది ముందు వేయాలో చెబుతున్నట్టు మామూలుగా చెప్పింది.

"కాదు. డాబా మీదికెళ్లి దుంకిన. నువ్వు సుత్తె పట్టుకొని మెట్లెక్కి వచ్చినవ్. ఇంకో దారి లేకుండె. కింద కంకర మీద పడ్డ."

"నాకు యాదికి లేదు సరోజనా."

"లేదని నాకు తెల్సు. తెల్లారి లేచి, ఏమైంది కాలుకు అని నువ్వే అడిగినవ్. అడిగినోనికి ఏం జెప్పాలె? రవళికి పన్నెండేండ్లు. అది చూసింది. నల్లా కాడ పడ్డనని దానితోని గూడ జెప్పిచ్చిన."

బండి టైము కావడంతో ఆమె లేచి వెళ్లింది. ఓదెలు ఆ బెంచీ మీద కూర్చుని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. మెట్లు, డాబా, చేతిలో సుత్తె. ఎంత తవ్వినా ఏమీ దొరకలేదు. తను చేసిన పని తన తలలో ఎక్కడా లేదు. ఉన్నది మడమలో, అదీ ఆమె మడమలోంచి వచ్చి చేరింది.

ఆ నొప్పిని తీసేయవచ్చని తబస్సుమ్ చెప్పింది. మడమలో ఆ మేరకు చేరిన కొత్త కొసలను సూదితో ఎండగొట్టాలి. అప్పుడు ఎడమ మడమ మళ్లీ మొద్దుబారిపోతుంది, ఈసారి ఎప్పటికీ. మిగిలిన పాదానికి ఏమీ కాదు. కొసలు ముదిరితే ఇక తీయడం కుదరదు, కాబట్టి మూడు వారాల్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి. వద్దనుకుంటే నొప్పి జీవితాంతం ఉంటుంది.

ఓదెలు ఆలోచించడానికి ఒక్క రోజు కూడా తీసుకోలేదు. ఉంచుకుంటానన్నాడు. అన్నాక మనసు తేలికపడింది. నడిచినప్పుడల్లా పళ్ల బిగువున భరిస్తూ, భరిస్తున్నందుకు లోపల ఒక తృప్తి. కేంద్రానికి వచ్చే తోటి రోగులకు, ఇది నా భార్య నొప్పి, నేను చేసిన పాపం, బతికినంతకాలం మోస్తాను అని చెప్పాడు. విన్నవాళ్లు అతని చెయ్యి పట్టుకున్నారు. ఒకరిద్దరు కంటతడి పెట్టారు. ఈ మాట సరోజన చెవిన పడాలనిపించింది. పడితే ఆమె మనసు కొంచెమైనా మెత్తబడుతుందనిపించింది. షరతు మీరి ఘన్‌పూర్ బండెక్కాడు.

హాస్టల్ వెనక రేకుల షెడ్డు కింద సరోజన వంకాయలు కోస్తోంది. అతన్ని చూసి కత్తిపీట పక్కకు జరిపింది కానీ లేవలేదు. పక్కన ఇంకో వంటామె ఉంటే, లోపల అన్నం చూడమని పంపేసింది. ఓదెలు నిలబడే చెప్పాడు. డాక్టరు ఏమన్నదీ, తను ఏం నిర్ణయించుకున్నదీ చెప్పాడు.  ఆమె ముఖంలో ఏదో కనిపిస్తుందని చూశాడు. ఏమీ కనిపించలేదు.

"తీపిచ్చుకో," అంది ఆమె.

అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు అర్థమైంది. పదకొండేండ్లు ఎవ్వరికి జెప్పకుండ మోసిన నేను. నువ్వు పదకొండు దినాలు మోసి ఊరందరికి జెప్పుకుంటున్నవ్. రవళి అన్నది నాతోని. దాంట్ల నువ్వు ఎంత మంచోనివో జెప్పుకుంటున్నవ్. నా నొప్పి అందుకు గాదు."

"నేను చేసిందానికి నాకు శిక్ష ఉండాలె గద."

"ఉండాలె. నీ శిక్ష నువ్వు వెతుక్కో. ఇది నాది. నా నడక ఇచ్చిన, ఇస్తనన్న గనక ఇచ్చిన. ఇది ఇస్తననలే. అడగకుండ తీస్కున్నవ్, ఎప్పటిలెక్కనే."

అన్నం దించాలని లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. ఎడమకాలు నేల మీద మోపిన క్షణాన అతని మడమలో కలుక్కుమంది. ఇద్దరి ముఖాలూ ఒకేసారి బిగుసుకున్నాయి. ఆమె అది చూసింది. చూసి, మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. తన నొప్పి ఇంకొకరి ముఖం మీద చూడడం ఆమెకు ఎంత రోతగా ఉందో అప్పుడు తెలిసింది ఓదెలుకు.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని ఆమె మాటలు ఒక్కొక్కటే తలుచుకున్నాడు. మొదట కోపం వచ్చింది. ఇంత చేస్తే కూడా తప్పేనా అనుకున్నాడు. పెండ్యాల స్టేషన్ దాటేసరికి ఆ కోపం నిలవలేదు. తోటి రోగులు చెయ్యి పట్టుకున్నప్పుడు కలిగిన తృప్తి గుర్తుకొచ్చి సిగ్గేసింది. తాగినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే ఉండేది. అందరూ చుట్టూ చేరి, తన మాట విని, పాపం ఓదెలు అనేవాళ్లు. ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

సోమవారం వెళ్లి తీసేయమన్నాడు. తబస్సుమ్ రెండుసార్లు అడిగింది, కచ్చితంగానేనా అని. మొద్దుబారిన మడమకు దెబ్బ తగిలినా తెలియదని, రోజూ సాయంత్రం తిప్పి చూసుకోవాలని, చెప్పుల్లేకుండా ఎప్పుడూ నడవకూడదని చెప్పింది. మూడు సూదులు. రెండు వారాల్లో నొప్పి పలచబడి, ఆఖరికి పోయింది. దానితోపాటు మడమా పోయింది. కాలు దించితే ముందుభాగం నేలను తాకినట్టు తెలుస్తుంది, వెనక భాగం గాలిలో ఆగిపోయినట్టుంటుంది.

ఆమె మడమ నుంచి వచ్చే సంకేతాన్ని ఆపేసి మిగతావి మాత్రం పంపుతూ, ఇంకో ఎనిమిది వారాలకు వేళ్ల దాకా నరం చేర్చారు. దారి చూపే ప్రతి మనిషికీ ముందుగా పూర్తి పరీక్ష జరగాలని తబస్సుమ్ కేంద్రం నిబంధనల్లో రాయించింది. సరోజన పేరు మాత్రం ఎక్కడా రాయలేదు, ఆమె వద్దంది. వంకరగా అతుక్కున్న ఎముకను ఇన్నేళ్ల తర్వాత సరిచేయడం కష్టమని, చెప్పుల్లో వేసుకునే మెత్తటి అచ్చు చేయిస్తే నిలబడే పని కొంత సులువవుతుందని చెప్పి కొలతలు తీసుకున్నారు. పదకొండేళ్లలో ఆ కాలికి జరిగిన వైద్యం అదే.

ఆఖరి రోజున ముగ్గురూ కేంద్రంలోనే ఉన్నారు. సరోజన మేజోళ్లు విప్పి, ఉతికి తెచ్చిన రెండో జతతో కలిపి మడిచి బల్ల మీద పెట్టింది. డబ్బా ఆపేశారు. ఓదెలు కాళ్లలో పదిహేను నెలల చప్పుడు ఆగిపోయింది. తన పాదాలు, తన చెప్పులు, చెప్పుల కింద నేల. అంతే.

రవళికి డ్యూటీ ఉండడంతో అమ్మానాన్నలను ఆటో ఎక్కించి వెళ్లిపోయింది. కాజీపేట స్టేషన్ దాకా ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు. బండి ఇరవై నిమిషాలు లేటు. ప్లాట్‌ఫారం మీద సరోజన సిమెంటు బల్ల చివర కూర్చుంది. అతను కొంచెం ఎడంగా నిలబడ్డాడు. క్షమించమని అడుగుదామని పొద్దుటి నుంచి అనుకుంటున్నాడు. అడిగితే ఆమె జవాబు చెప్పాల్సి వస్తుంది. మళ్లీ ఆమె దగ్గర ఇంకొకటి తీసుకున్నట్టవుతుంది. అందుకని అడగలేదు. సిగ్నల్ పడ్డాక ఒక్కటే అడిగాడు.

"కాలు నొప్పి ఎట్లున్నది?"

సరోజన తలెత్తి చూసింది. పదకొండేళ్లలో ఆ మాట అతని నోటి నుంచి రావడం రెండోసారి. మొదటిసారి అడిగినప్పుడు అతనికి ఏమీ గుర్తులేదు. ఆమె అబద్ధం చెప్పడానికి గానీ ఓదార్చడానికి గానీ ప్రయత్నించలేదు.

"ఉన్నది," అంది.

అతను తల ఊపాడు.  బండి వచ్చి ఆగింది. సంచీ అందుకోబోయి, ఆమె అడగలేదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని, కడ్డీ పట్టుకుని, ముందు కుడికాలు మెట్టు మీద పెట్టింది. ఒక క్షణం ఆగింది. పళ్లు బిగించి ఎడమకాలు పైకి లాక్కుంది. మళ్లీ కుడికాలు. మళ్లీ ఆగడం. వెనక ఎక్కాల్సినవాళ్లు తొందరపెడుతున్నారు. ఆమె పట్టించుకోలేదు. ఈ ఎక్కడం ఆమెకు బాగా అలవాటు. ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఎన్ని బండ్లు ఎక్కి ఉంటారో, ఎన్నిసార్లు అతను ముందెక్కి లోపల సీటు వెతుక్కున్నాడో. ఆమె ఎలా ఎక్కుతుందో ఓదెలు చూడడం ఇదే మొదటిసారి.